నేను చెరిపేసిన హంస కన్ను

హనుమాన్ జంక్షన్‌లో, హైవే పక్కన లారీలు ఆగేచోట, పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మే అడితి ఒకటుంది. సెలవు దొరికితే నూజివీడు నుంచి బస్సెక్కి అక్కడికి వెళ్ళడం నాకు అలవాటు. దూలాలు, తలుపుల మధ్య ఎవరికీ అక్కరలేని అందమైన వస్తువులు దొరుకుతాయి. చిలకలు చెక్కిన అద్దం చట్రం, ఇత్తడి పువ్వులున్న గొళ్ళెం లాంటివి. వాటిని తెచ్చి మా మామిడి తోటలోని పాకలో కూర్చుని బాగుచేసుకుంటాను. వారమంతా బళ్ళో లెక్కలు చెప్పే నాకు అదొక్కటే విశ్రాంతి.

నాలుగేళ్ళ కిందట, ఏప్రిల్‌లో, కిటికీ ఊచల కుప్ప కింద ఒక చెక్క హంస తల కనిపించింది. తలా, పొడవాటి మెడా మాత్రమే. మెడ అడుగున విరిగి ఉంది. ఒళ్ళంతా గేటుకు వేసే ఆకుపచ్చ ఎనామిల్ పెయింటు.

“అదెందుకు మేడమ్, సగం బొమ్మ!” అన్నాడు అడితి ఆయన. అయినా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

మర్నాడే పెయింట్ రిమూవర్ పూసి, ఎడమ వైపు నుంచి గీకడం మొదలుపెట్టాను. పచ్చరంగు పొరలు పొరలుగా లేచింది. కింద పాల తెలుపు, మెడ చుట్టూ సన్నని బంగారు రేకు. ఆ సంబరంలో, చెంప మీద వంకరగా ఒక నల్లటి మచ్చ ఉంటే, ఏదో మరక అనుకుని ఉప్పుకాగితంతో గట్టిగా రుద్దేశాను. తర్వాత కుడి వైపు తిప్పి గీకాను. అదే చోట, పొడుగ్గా, నిండుగా, ఎవరో పెద్ద పనివాడు దిద్దిన కన్ను నన్ను చూసింది.

అప్పుడర్థమైంది, నేను చెరిపింది మరక కాదని.

మెత్తని బ్రష్షుతో మెడ మడతలు దులిపితే, గట్టిపడిన కుంకుమ రాలింది. కర్పూరం మసి వాసన వచ్చింది. ఇది గోడకు పెట్టుకునే అలంకారం కాదు, దేవుడి ఊరేగింపు వాహనం.

సాయంత్రం మా ఆయనకు చూపించాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“ఏ గుళ్ళోంచైనా ఎత్తుకొచ్చిందేమో! ఆ పచ్చరంగు ఊరికే వేస్తారా ఎవరైనా? గుర్తుపట్టకుండా వేశారు.”

“నేను కొన్నానండీ. దొంగతనం చేయలేదుగా.”

“ఆ ముక్క పోలీసులకి చెప్పుకో.”

హంసను దుప్పటిలో చుట్టి, కాయల ట్రేల వెనక దాచాను. దొంగలా దాస్తున్నానే అని సిగ్గేసింది, అయినా దాచాను. క్లాసులో బోర్డు మీద లెక్క సగంలో ఆగిపోయేది. కళ్ళు మూసుకుంటే ఆ చెరిగిన చెంపే. ఒక మధ్యాహ్నం తోట గేటు దగ్గర కానిస్టేబుల్ బండి ఆగింది. అతను హెల్మెట్ తీసి, “రసాలు కోతకొచ్చాయా మేడమ్? ఇంటికి రెండు డజన్లు కావాలి,” అన్నాడు. కాయలు ఏరి ఇస్తూ రెండుసార్లు లెక్క తప్పాను. “ఒంట్లో బాలేదా మేడమ్?” అని కూడా అడిగాడు. ఎండ దెబ్బ అన్నాను.

ఇక ఉండలేకపోయాను. అడితికి వెళ్ళి, ఆ బొమ్మ ఎక్కడిదని నిలదీశాను. ఉంగుటూరు వైపు ఒక పల్లెలో అర్చకుల ఇల్లు పడగొడితే, దూలాలతో పాటు వచ్చిందన్నాడు. ఊరి పేరు చెప్పాడు.

ఆ శనివారం హంసను చీరలో చుట్టి, ఒడిలో పెట్టుకుని బస్సులో వెళ్ళాను. ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు గుడి వెనక అద్దెకుంటున్నారని తెలిసింది. తలుపు తీసింది డెబ్భై దాటిన ఆవిడ, చనిపోయిన అర్చకుడి భార్య. నేను చీర విప్పగానే గడప మీదే కూలబడిపోయారు.

“పొయ్యిలోకి పోయిందనుకున్నానమ్మా,” అన్నారు. “అటక మీదుందని మా అబ్బాయికి తెలీదు. నేను చెప్పేలోపే కలపంతా లారీ ఎక్కించేశాడు.”

“దొంగసొత్తేమోనని భయపడి వచ్చానండీ.”

“దాచిన సొత్తే. దాచింది మా ఆయన.”

ఆవిడ చెప్పారు. ఒక ఏడు ఊరేగింపులో వాన పడి, మోసేవాళ్ళ కాళ్ళు జారాయట. హంస వాహనం కిందపడి మెడ విరిగింది. ఊరివాళ్ళు కొత్తది చేయించి, విరిగినదాన్ని కాలువలో కలిపేయమన్నారు. ఒళ్ళంతా కలిపారు గానీ, తల మాత్రం ఆయన వదల్లేకపోయారు. చిన్నప్పటినుంచీ తన చేత్తో అలంకరించిన ముఖం. ఇంటికి తెచ్చి, ఎవరైనా చూసినా పోల్చుకోకుండా పచ్చరంగు పూసి, అటక మీద పెట్టారు. ఉత్సవం రోజున మాత్రం దించి, మెడ కింద కాస్త కుంకుమ పెట్టేవారు.

చెప్పక తప్పదనిపించింది. “అమ్మగారూ, నా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఎడమ కన్ను చెరిపేశాను. మరకనుకున్నాను.”

ఆవిడ హంసను అటు తిప్పుకుని, చెంప మీద వేళ్ళతో తడిమారు.

“పడినప్పుడే ఆ కన్ను పోయిందమ్మా. మీరు చెరిపింది ఆయన వేసిన కన్ను. ముందు కన్ను దిద్ది, ఆరాక దానిమీద పచ్చరంగు పూశారు. కన్ను లేకుండా మూసేయకూడదన్నారు. బొమ్మలు వేయడం రాదాయనకి. మూడుసార్లు తుడిచి వేసినా వంకరగానే వచ్చింది.”

నేను క్షమించమని అడగబోయాను. పాత పనివాడు దిద్దిన కన్ను చెరిపినా ఇంత బాధపడేదాన్ని కాదు. చేతకాని మనిషి ప్రేమగా గీసిన ఒకే ఒక్క గీతను తుడిచేశాను.

“మీకెలా తెలుస్తుంది?” అన్నారావిడ. ఆ మాటలో కోపం లేదు, ఓదార్పూ లేదు.

“మళ్ళీ వేయించమంటారా? మంచి చిత్రకారుడున్నాడు.”

“వద్దు.”

ఇక్కడే ఉంచుకోమన్నాను. తల అడ్డంగా ఊపారు. కొడుకు చూస్తే ఊరికి భయపడి కాలువకే తీసుకెళ్తాడట. “ఎలాగూ ఇప్పుడు కాలువలో నీళ్ళు లేవు. నీళ్ళొదిలాక మనిద్దరం కలిసి కలిపేద్దాం. అందాకా మీ దగ్గరుంచండి,” అని నా నంబరు క్యాలెండర్ అంచున రాసుకున్నారు.

ఆ ఏడు నీళ్ళు వదిలారని తెలిశాక నేనే ఫోన్ చేశాను. “ఈ ఏడు వద్దులెండి,” అన్నారు. మరుసటేడూ అదే మాట. మూడో ఏడు నుంచి నేను చేయలేదు, ఆవిడా చేయలేదు.

ఇప్పుడు హంస మా ముందుగదిలో, కొయ్య పీట మీద ఉంది. సంగతంతా విన్నాక, పాక నుంచి ఇంట్లోకి తెచ్చి పెట్టింది మా ఆయనే. మెడ పగుళ్ళు నింపాను గానీ, రంగు జోలికి పోలేదు. కాలువలకు నీళ్ళొదిలారని పేపర్లో చూసినప్పుడల్లా నాకు అన్నం సయించదు. ఫోన్ మోగితే, ఆవిడ రమ్మంటారేమోనని భయం. మోగకపోతే, ఆవిడకు ఏమైందోనని భయం.