కారుకి కప్పిన తడిగోనె

కూకోయే మనవరాలా. ఆ పెన్ను నోట్లోంచి తియ్యి, కాళ్ళు ముడుసుకుని సరిగ్గా కూకో. మద్దెలో ఫోను సూసేవంటే నాను సెప్పను, ముందే అన్నాను. ఇది నాను ఓ కారుని నిలువునా సంపీసి, దాంతోపాటు ఓ మడిసిని కూడా సంపబోయిన కత. కత్తితో కాదు, మందుతో కాదు. ఓ తడిగోనెతో. తడిగోనె అన్నది పెద్దగా రాయి.

నాకప్పటికి నలభై దాటినాయి. బుద్ది మాత్రం ఇంకా పురిటిమంచం దిగలేదు.

మీ తాతకి కాశీబుగ్గలో ఓ పాత అంబాసిడరు ఉండీది. తెల్లకారు అనీవోడు. నాను సూసినప్పుడల్లా ఉడకబెట్టిన కందగడ్డ రంగే. దాన్ని కిరాయికి తిప్పీవోడు. ముసిలిదైపోయింది కదా, ఊరికే వేడెక్కిపోయీది. పెళ్ళానికి జొరమొచ్చినా అంత బెంగెట్టుకోడు, దానికి వేడెక్కితే గాభరా పడిపోయీవోడు. "మన బావి నీళ్ళు పోత్తే రేడియేటరు గొట్టాల్లో గార పట్టీసుద్దే" అని డబ్బాల్లో వాననీళ్ళు పట్టి దాసి, దానికి పోసీవోడు. మనుసులం మేం ఆ బావి నీళ్ళే తాగీవోళ్ళం. కారుకున్న పత్తెం మాకు లేదు.

నవ్వుతన్నావేటి? ఉండు.

మీ తాత వాళ్ళప్ప, అంటే మా ఒదిన, ఉద్దానంలో జీడితోటల మద్దెన ఉండీది. ఆవిడికి కిడ్నీలు పోయినాయి. ఆ ఈదిలో అంతకు ముందే ముగ్గురు నలుగురికి పోయినాయి. నీళ్ళలో ఉన్నాదో, మట్టిలో ఉన్నాదో, ఎవులికి తెలుసు? రకతం కడిగే మిసను అప్పుడు మాకు దగ్గిర్లో లేదు, వైజాగెల్లాల. మజ్జానం ఒంటిగంటకి ఆవిడి వొంతు. ఆలీసమైతే ఆ వొంతు ఇంకొకలికి ఎలిపోద్ది, మల్లీ మర్నాడే. ఈలోగా ఒంట్లో నీరు ఊపిరిదాకా ఎక్కీసుద్ది. ఆ ఒంటిగంట మాట మనసులో ఎట్టుకుని ఇను.

మే నెల. ఒదినని ఎక్కించుకుని పొద్దున్నే ఏడుగంటలకి ఎలిపోయాం. ముందర మీ తాత, ఎనకాల నానూ ఒదినానూ. టెక్కలి దాటేసరికి కారులో వేడి సూపించే సూది ఎర్రగీత కాడికి ఎక్కీసింది. మీ తాత ఓ పక్కకి ఆపి బానెట్టు ఎత్తినాడు.

"అరగంట సల్లారాల. ఎవులూ మూత ముట్టుకోకండి, మొకం కాలిపోద్ది. డబ్బాలో నీళ్ళు సాలవు, ఆ బోరుకాడ పట్టుకొత్తాను" అని పొలాలకి అడ్డంపడి ఎలిపోయినాడు.

అప్పుడొచ్చిందమ్మా నాకు గేనం. ఇంటికాడ మంచినీళ్ళ కుండకి తడిగోనె సుడతాను కదా? మజ్జానానికి ఆ నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటాయి. కుండకి సలవ సేసిన గోనె కారుకి సెయ్యదేటి? ఇంజినీర్లు కాలేజీలకెల్లి కళ్ళజోళ్ళు ఎట్టుకుని కూడా కనిపెట్టలేనిది, రోడ్డుపక్కన రెండు నిమిషాల్లో నాను కనిపెట్టీసినాను!

డిక్కీలో జీడిపిక్కల కాళీగోనె ఒకటుంది. తాగడానికి తెచ్చుకున్న బిందెడు నీళ్ళూ దానిమీద పోసీసినాను. ఒదిన కిటికీలోంచి సూత్తన్నాది. ఆవిడికి రోజుకి గలాసుడే నీళ్ళు, అంతకుమించి తాగకూడదు. ఆ నీళ్ళు మట్టిలోకి కారతంటే ఎలగ సూసిందో, నాను సెప్పలేను.

"ఏటే మరదలా అది?"

"కారుకి సలవకి ఒదినా."

"తమ్ముడికి సెప్పేవేటి?"

"సెప్తే పడనిత్తాడేటి? వైజాగెల్లినాక సెప్తాను, నోరెల్లబెట్టుకుంటాడు."

"కుండకి సుట్టినట్టేనా?"

"అలగే!"

"బాగున్నాదే" అన్నాది పాపం. ఆవిడదీ నా బుర్రే.

కారు ముందర ఊసలుంటాయి కదా, వాటికీ రేడియేటరుకీ మద్దెన కాళీలో ఆ గోనెని నాలుగు మడతలేసి కుక్కీసినాను. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు అంచులు కూడా దోపినాను. మీ తాతొచ్చి, నీళ్ళు పోసి, బానెట్టు దించీసినాడు. సూసుకోలేదు.

కొత్తనీళ్ళు కదా, మొదట్లో సూది పడుకుని ఉన్నాది. నాను కాలుమీద కాలేసుకుని కూకున్నాను. కాసేపటికి వాసన మొదలైంది.

"ఎక్కడో జీడిపిక్కలు కాలుత్తన్నారప్పా" అన్నాడు మీ తాత.

"ఇక్కడ బట్టీలు లేవు కదరా తమ్ముడా" అని ఒదిన నాకేసి సూసింది.

నాను కిటికీలోంచి కొబ్బరిసెట్లు లెక్కెట్టుకుంటన్నాను. అప్పుడు ఓ మాట అనీసుంటే అయిపోయీది. అన్నానా? అనలేదు. సూది లేసింది. "ఇదేటిది, నిండుగా పోసినాను కదా" అంటన్నాడు మీ తాత. అన్నానా? అప్పుడూ అనలేదు. ఇంకో రెండు మైళ్ళెల్తే కోటబొమ్మాళి అనగా ముందరనుంచి బుస్సుమని ఆవిరి లేసింది. ఇంజను టక్కున పట్టీసి, కారు అక్కడే సచ్చిపోయింది.

ఆ ఊసల్లోంచి గాలి ఎల్తేనే లోపలి నీళ్ళు సల్లారతాయంట. ఆయాసంతో ఉన్నదాని ముక్కూ నోరూ నాను తడిగుడ్డేసి నొక్కీసినాను.

మీ తాత బానెట్టు ఎత్తి, పొగలు కక్కుతన్న గోనెని రెండు వేళ్ళతో పైకి లాగినాడు, నూతిలోంచి సచ్చిన పిల్లిని తీసినట్టు.

"ఇదెవులు ఎట్టినారు?"

నోరు తెరుద్దామనుకుంటన్నాను, ఈలోగా ఎనకసీట్లోంచి ఆయాసపడుకుంటూ ఒదిన అన్నాది.

"నానేరా తమ్ముడా. కుండకి సుట్టినట్టు సుట్టమని మరదలికి నానే సెప్పినాను."

మీ తాత తిట్టడానికి తెరిసిన నోరు మూసీసినాడు. వాసిపోయిన ఆ కాళ్ళకేసి సూసినాడు. "నీకేటి తెలుసుద్దిలే అప్పా" అన్నాడు, అంతే.

నానా? "కాదు, నానే" అనాల కదా. నా నోటికి ఏ గోనె అడ్డమొచ్చిందో!

పెంకుల లారీ ఒకటి ఎక్కించుకుంది. ఆవిడిని ముందర కూకోబెట్టి, మేమిద్దరం పెంకులమీద కూకున్నాం. ఎల్లేసరికి మూడుగంటలు. వొంతు పోయింది. మర్నాడు పొద్దున్నదాకా ఆవిడి ఊపిరి ఎలగ లాగిందో, అది నాను రాయించను. ఆ ముక్క వొదిలీయ్.

పొద్దున్న మిసనుమీద ఎట్టినాక, కళ్ళు తెరిసి మొదట అన్నమాట ఏటో తెలుసా?

"మీ కారు సల్లారిందేటే?"

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెల్దు. నర్సమ్మ బయటికి పొమ్మన్నాది.

మరో ఏడాది బతికింది. ఆ రోజు ఆలీసమవడం వల్ల పోలేదు, జబ్బు వల్లే పోయిందన్నాడు డాట్రు. నాను డాట్రుని మూడుసార్లు అడిగినాను. మూడోసారి కసురుకున్నాడు.

పెద్దకార్యంనాడు పందిట్లో అందరి ముందరా మీ తాత కళ్ళు తుడుసుకుంటూ, "మా అప్పకి తెల్దన్నది లేదు, ఒక్క ఇంజను సంగతి తప్ప" అని గోనె కత సెప్పినాడు. ఏడుత్తన్నోళ్ళందరూ నవ్వినారు. అందరికంటే గట్టిగా నవ్విందెవులు? నానే. ఇప్పటికీ ఇంటికెవులొచ్చినా సెప్తాడు కదా? నానే టీ అందిత్తాను.

అందుకని ఇయాళ ఒట్టేత్తన్నాను, రాయి. నా బొందిలో పానముండగా ఏ కారుకీ, ఆటోకీ, ఆకరికి కరెంటు మోటరుకీ గోనె కప్పను. కుండకి కప్పుతాను, దానికి ఊపిరి అక్కర్లేదు. ఇంకో ఒట్టు. నా తప్పు ఇంకొకలు నెత్తినెట్టుకుంటే నోరు మూసుక్కూకోను. ఇయాళే, అన్నానికి కూకోకముందే, మీ తాత ఎదురుగా నిలబడి, "ఏటయ్యా, ఆ గోనె మీ అప్ప కాదు..."

"ఏటే! పిలిత్తంటే ఇనబడదేటి? అన్నాలు ఎట్టీసినాను, సారు సల్లారిపోతన్నాది, రా!"

అదిగో, మీ తాతే. వత్తన్నానయ్యా, వత్తన్నాను! ఇదిగో గుంటా, ఆ కాయితాలు మడిసి నీ సంచీలో ఎట్టు, ఆయనకి సూపించకు. తిన్నాక నానే...