మేకుకు వేలాడిన నా బ్యాంకు ఖాతా

పాల్వంచలో షిఫ్ట్ దిగాక టీ బండి దగ్గర అందరూ ఫోన్లు తీసి స్కాన్ చేస్తారు. నేను మాత్రం జేబులోంచి నలిగిన నోటు తీసేవాణ్ణి. టీ ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "తమ్మీ, గిది ఇంకా నడుస్తదా?" అని అడిగేవాడు. నేను పాతకాలం విలువలున్న మనిషినని అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అంత లేదు. నా బ్యాంకు ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు మా పెద్దమ్మది. స్కాన్ చేయాలంటే ఆ సిమ్ నా ఫోన్‌లో ఉండాలి. ఆ సిమ్మేమో జూలూరుపాడు అవతల, అడవి మొదలయ్యే చోట, మా ఊరి చర్చి వరండాలో ఒక మేకుకు వేలాడుతూ ఉండేది.

మా ఊళ్లో సిగ్నల్ అందేది ఆ వరండాలోనే. అది దేవుడి మహిమ అని పాస్టరు గారు అంటారు. చర్చి మిట్ట మీద ఉంది, అదీ సంగతి. ఆ చర్చి ఊడ్చేదీ, గంట కొట్టేదీ, ఆదివారం పిల్లలతో వాక్యాలు అప్పజెప్పించుకునేదీ అమ్మ వాళ్ల అక్క, మా పెద్దమ్మ. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటుంది, చర్చి పక్క ఇంట్లో. తన బటన్ ఫోన్‌ను గుడ్డసంచిలో వేసి వరండా మేకుకు తగిలించేది. అందుకని ఆధార్ వాళ్లు ఊళ్లోకి వచ్చి నంబరు అడిగినప్పుడు జనమంతా ఆమె నంబరే చెప్పారు. సొంత ఫోన్ ఉన్నవాళ్లు కూడా అదే చెప్పారు. ఇంట్లో మోగని ఫోన్ నంబరు ఇచ్చి ఏం లాభం? అట్లా ఊరివాళ్ల గ్యాసు బండలు, పింఛన్లు, ఒకసారైతే ఒక పెళ్లి సంబంధం కూడా ఆ సంచిలోకే వచ్చి పడ్డాయి. నేను హాస్టల్‌కు పోయేముందు స్కాలర్‌షిప్ కోసం ఖాతా తెరిస్తే, దానికీ అదే నంబరు.

దాంతో నేను ఎక్కడ కార్డు గీకినా మెసేజ్ పెద్దమ్మకు పోయేది. మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆమె ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, వెంటనే ఫోన్ చేసేది.

"బేకరీల ఏం తిన్నవ్ రా?"

"కేక్ పెద్దమ్మా."

"ఎవలది పుట్టినరోజు?"

"ఎవలది కాదు. ఆకలైంది."

"మెస్సుల పెడ్తలేరా?"

ఒకసారి మందుల షాపులో కార్డు గీకాను. తెల్లారి మొదటి బస్సుకు మిరియాల చారు క్యాన్ పట్టుకుని హాస్టల్ ముందు దిగింది. నేను కొన్నది దువ్వెన. అయినా చారు తాగాను, బాగుంది. కొన్నాళ్లు నేనేమీ కొనకపోతే ఇంకా ఇబ్బంది. "మెసేజే వస్తలేదు, పానం మంచిగున్నదా?" అని ఫోన్. బాగున్నావా అని ఆమె నన్ను ఊరికే అడగగా నేను వినలేదు. నా సంగతి ఆమెకు బ్యాంకు చెప్పేది, ఆమె నాతో సరిచూసుకునేది.

మొన్నామధ్య మా ప్లాంట్‌లో కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన జీతాలు వేరే బ్యాంకులో వేస్తాడట. నెలాఖరులోగా అందులో ఖాతా తెరవకపోతే జీతం ఆగుతుంది. ఆ బ్యాంకు మేడం ఒకామె ట్యాబ్ పట్టుకుని మా క్యాంటీన్‌లో కూర్చుంది. మావాళ్లంతా వేలు పెట్టడం, ఓటీపీ చెప్పడం, లేచి సాంబారు వేయించుకోవడం. చకచకా అయిపోయింది. నా వంతు వచ్చింది.

"మీ ఆధార్‌కు ఉన్న నంబరుకు ఓటీపీ పోయింది, చెప్పండి."

"కొంచెం ఆగాలె మేడం. అది చర్చికి పోయింది."

పెద్దమ్మకు ఫోన్ చేశాను. నా అదృష్టం, వరండా ఊడుస్తోంది.

"పెద్దమ్మా, ఒక మెసేజ్ వచ్చింటది, చూసి చెప్పు."

"ఫోన్ చెవికాడ ఉంటే మెసేజ్ ఎట్ల చూస్తరా? పెట్టెయ్."

పెట్టేశాను. ఆమె ఇంటికి పోయి, కళ్లజోడు వెతికి, తిరిగొచ్చి, చదివి, నాకు ఫోన్ చేసేసరికి ఆ ఓటీపీ ఆయుష్షు తీరింది. రెండోసారి కళ్లజోడు సిద్ధంగానే ఉంది. అంకెలు గబగబా చెప్పింది, మేడం కొట్టింది, ట్యాబ్ ఒప్పుకోలేదు. తర్వాత తెలిసింది, అది పక్కింటివాళ్ల గ్యాసు బండ నంబరని. మూడోసారి ట్యాబే అలిగి మూసుకుంది. మా సూపర్‌వైజరు నా భుజం మీద చేయి వేసి, "నీ జీతం పాస్టరుకు పంపియ్యమంటవా?" అన్నాడు.

"ఫోన్ పట్టుకుని మీ పెద్దమ్మగారినే బ్రాంచికి తీసుకురండి," అంది మేడం.

సెలవు రోజున బండి వేసుకుని ఊరికి పోయాను. పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, పౌడరు రాసుకుని తయారుగా ఉంది. ఊరే ఒప్పుకోలేదు. పక్కింటి ఆమె సంచికి అడ్డంగా నిలబడింది.

"అక్కా, ఇయ్యాల మా గ్యాసు బండ వస్తది. నువ్వు ఫోన్ పట్కపోతే ఎట్ల?"

"ఒక్క పూటనే గదనే!"

"పోనీ, నువ్వు పో. ఫోన్ ఇడ్సిపెట్టు."

పెద్దమ్మ మొహం చూశాను. ఊరికి తన అవసరమా, ఫోన్ అవసరమా అన్నది ఆమెకు అప్పటిదాకా తట్టినట్టు లేదు. సంచి లాక్కుని బండి ఎక్కి, "పోనియ్ రా," అంది. దారి పొడుగునా నా వీపుకూ ఆమె పొట్టకూ మధ్య ఊరివాళ్ల మెసేజులతో ఫోన్ మోగుతూనే ఉంది.

బ్రాంచిలో కూర్చోగానే ఫోన్ తీసి చూసి, "గీతలన్ని ఒక్కసారే వచ్చినయి. చెడిపోయిందా ఏంది?" అంది.

"అది సిగ్నల్ పెద్దమ్మా. ఊర్లన్నిట్ల గట్లనే ఉంటది."

మేడం ట్యాబ్ నొక్కింది. ఫోన్ కూసింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది, సిగ్నల్ నిండుగా ఉంది, గ్యాసు బండ సోది లేదు. ఇక చదవడమే మిగిలింది.

"ఈ ఒక్కటి చాలమ్మా," అంది మేడం. "కొత్త ఖాతాకు ఆయన సొంత నంబరే పెడుతున్నాం. ఇక మీకు ఏ మెసేజులూ రావు. తిప్పలు తప్పినట్టే."

పెద్దమ్మ ఫోన్‌ను బోర్లించి ఒళ్లో పెట్టుకుంది.

"చెప్పు పెద్దమ్మా."

"ఓటీపీ ఎవ్వలకు చెప్పొద్దని రాసున్నదిరా."

"ఊరందరివి చెప్తవ్ గదా!"

"ఇయ్యాలనే చదివిన."

మేడం నా వైపు చూసింది. నేను పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాను. టైము అయిపోయిందని ట్యాబ్ చెప్పింది.

"జీతం ఆగుతది పెద్దమ్మా."

"ఆగనియ్. బియ్యం నేను పంపుత." గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు తిన్నవో లేదో ఇగ నాకెట్ల ఎరుక?"

"ఫోన్ జేసి అడుగు."

"అడిగితే తిన్ననే అంటవ్. బ్యాంకు గట్ల అబద్ధం చెప్పది."

ఇంత తెలివైన నిఘాను ఏ హాస్టల్ వార్డెనూ పెట్టలేకపోయాడని నేను స్నేహితుల దగ్గర జోకులు వేసేవాణ్ణి. కాకపోతే ఊరందరి మెసేజుల్లో ఆమె తనవనుకునేవి నావేనని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలిసింది.

"మేడం, పాత ఖాతా మూసెయ్యాల్నా?" అని అడిగాను.

"అవసరం లేదు. అది మీ ఇష్టం. ఉంచుకోవచ్చు."

పెద్దమ్మ వైపు తిరిగాను. "పాతది నీ నంబరు మీదనే ఉంటది. మూయను."

"ఉత్తగ ఉంటే మెసేజ్ వస్తదా?"

"శనివారం శనివారం ఆ కార్డు గీకుత."

"ఏం తింటవ్?"

"బేకరీల ఏదన్న."

"పండ్లు తిను."

"పండ్ల బండి మీద కార్డు గీకనియ్యరు పెద్దమ్మా."

ఆలోచించింది. పాల్వంచలో పండ్ల వ్యాపారం ఇంత వెనకబడి ఉందా అన్నట్టు మేడం వైపు చూసింది. ఆ తర్వాత ఫోన్ తిప్పి, "మల్ల పంపియ్యి బిడ్డా," అంది.

ఓటీపీ వచ్చింది. పెద్దమ్మ లేచి నిలబడి, పిల్లలకు వాక్యం చెప్పించే గొంతుతో, ఒక్కొక్క అంకె విడదీసి, బ్రాంచి గోడలకు తగిలేలా చదివింది. వెనక వరుసలో ఎవరో "ఆమెన్" అన్నారు. ట్యాబ్ ఒప్పుకుంది. తిరుగు దారిలో ఆమె ఫోన్‌కు పక్కింటి గ్యాసు బండ మెసేజ్ వచ్చింది. బండి ఆపమని, రోడ్డు పక్కన నిలబడి అదీ చదివి చెప్పింది.

ఇప్పుడు టీ బండి దగ్గర నేనూ స్కాన్ చేస్తున్నాను. టీ ఆయన, "నోటు లేదా తమ్మీ?" అని కొంచెం దిగులుగా అడుగుతాడు. అలవాటైన మనిషి. జీతం కొత్త బ్యాంకులో పడుతుంది. అందులోంచి కొంత పాత ఖాతాలో వేసుకుని, శనివారం షిఫ్ట్ దిగాక బేకరీలో ఒక కర్రీపఫ్ కొంటాను. కార్డు పర్సులో పెట్టకముందే ఫోన్ మోగుతుంది. "మల్ల గదేనా? నూనె ఎంతుంటది దాంట్ల!"

మొన్న శనివారం మర్చిపోయాను. స్నేహితులతో కడుపునిండా బిర్యానీ తిని రూమ్‌కు చేరేసరికి ఫోన్.

"మెసేజ్ రాలే. పానం మంచిగ లేదా?"

"మంచిగున్న పెద్దమ్మా. బిర్యానీ తిన్న. కొత్త దాంట్లకెల్లి కట్టిన."

"గదెవలు చూసిండ్రు?"

చెప్పులు వేసుకుని మళ్లీ బజారుకు నడిచాను. బేకరీ అతను షట్టర్ సగం దించి ఉన్నాడు. నేను వంగి లోపలికి దూరాను.

"ఏం కావాలె అన్నా?"

"ఏదన్న ఇయ్యి. కార్డు గీకేటిది కావాలె, అంతే."