మొప్పలెత్తి చూసి కొన్న కత్తి

తుఫాను మా పెరటి తోటను పడగొట్టిన మరుసటి వేసవిలో నేను రెండు కత్తులు కొన్నాను. మొదటిది పలాసలో, రెండోది టెక్కలి దారిలో. రెండోది ఇప్పటికీ మా వసారాలో చూరుకి వేలాడుతోంది. మొదటిది ఎక్కడుందో తర్వాత చెబుతాను.

మాది అక్కుపల్లి పక్కన సముద్రం ఒడ్డు. మా ఆయన ఆ రోజుల్లో గుజరాత్ బోట్ల మీదకి చేపల వేటకు పోయేవాడు. ఇంట్లో నేను, మా అత్త. ఇంటి వెనక కొద్దిపాటి ఇసుక నేలలో కొబ్బరి చెట్లు, రెండు మూడు జీడి చెట్లు ఉండేవి. తుఫానుకు ఒక్కటి మిగల్లేదు. పడిన మానులను కోతవాళ్ళు పట్టుకుపోయారు. మిగిలినవి జీడి మోళ్ళు, వాటి కొమ్మలు, వాటి మధ్య నుంచి లేచిన మొగలి పొద.

పడిన కొబ్బరి చెట్లలో మా మామగారు తన చేత్తో పాతినది ఒకటుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా అత్త దాని కాయలు ఏరి, నీళ్ళ గోలెం పక్కన ఇసుకలో సగం దాకా పూడ్చింది. ఎండాకాలం వచ్చేసరికి అన్నీ మొలిచి పచ్చగా నిలబడ్డాయి. తొలి వానకి వాటిని తోటలో పాతాలి. ఆలస్యమైతే వేళ్ళు అక్కడే కిందికి దిగిపోతాయి, లాగితే తెగుతాయి. ఆమె రోజూ పొద్దున్నే ఆ మొక్కల ముందు కూర్చుని, ఆకులు తడుముతూ, నా వైపు చూడకుండా నాతో మాట్లాడేది.

"వానొచ్చీసినాక ఇయ్యన్నీ నా నెత్తి మీద పాతుకోవాల."

అంటే నన్ను మొగలి కొట్టమని.

మా ఇంట్లో ఉన్నది కత్తిపీట, గడ్డి కోసే కొడవలి. రెండూ మొగలి ముందు పనికిరావు. కూలికి పిలుద్దామంటే ఊరందరి తోటలూ అలాగే ఉన్నాయి, మగవాళ్ళెవరూ దొరకలేదు. నేనే కొడతానన్నాను. చేపలమ్ముకుని గంప దించి, పలాసను ఆనుకున్న కాశీబుగ్గ బజారులో ఇనప సామాను కొట్టుకి వెళ్ళాను.

చిన్నప్పటి నుంచి నేను ఎంచింది చేపల్ని. చేపను చూస్తే తెలుస్తుంది. మెరవాలి, వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి, కన్ను తేటగా ఉండాలి. మెరవనిది నిన్నటిది. ఆ లెక్క తప్ప వేరే లెక్క నాకు తెలియదు. కొట్టులో వేలాడేసిన కత్తుల్లో ఒకటి వెండిలా మెరుస్తోంది. తీసి, అటూ ఇటూ తిప్పి, వేలితో నొక్కి చూశాను. ముక్కు దగ్గర కూడా పెట్టుకున్నానట, కొట్టువాడు నవ్వాడు.

"అప్పా, అది కత్తి. కోనాం సేప కాదు. మొప్పలెత్తి సూత్తావేటి?"

"మొప్పలుంటే సూద్దును గానీ, నీ సరుకు ఏనాటిదో ఎవులికెరుక!" అన్నాను నేను. నోటికి తక్కువ లేదు నాకు. కత్తి మీద ఏవో అక్షరాలు కూడా అచ్చు వేసి ఉన్నాయి. అప్పటికి నాకు చదువు రాదు. అక్షరాలున్నాయంటే మంచిదే అయ్యుంటుందని కొనేశాను.

మొదటి రోజు మొగలి ఆకులు జలజల రాలాయి. నేను అత్త వైపు గర్వంగా చూశాను. ఆవిడ మొక్కల వైపు చూస్తూ కూర్చుంది. రెండో రోజు జీడి మోడు మీద వేశాను. రెండు దెబ్బలకే అంచు అప్పడంలా వంకరలు పోయింది. మూడో దెబ్బకి పిడి నా చేతిలో ఉంది, కత్తి లేదు. అది గాలిలో గింగిరాలు తిరుగుతూ వెళ్ళి మొక్కల మధ్య గుచ్చుకుంది. అక్కడ మేస్తున్న కోడి ఎగిరి ఇంటి కప్పెక్కింది. ఒక మొక్క మొదలు తెగింది.

అత్త లేచి, తెగిన మొక్కను చేతిలోకి తీసుకుంది. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ కత్తిని కూడా పైకి లాగి చూసింది. పిడిలోకి దిగే తోక నా చిటికెన వేలంత కూడా లేదు. లక్క పోసి అతికించారు.

"ఒలే గుంటా, సేప కొన్నట్టు కత్తి కొన్నావు కాదేటే! దీని తోక సూసినావా? పిత్తపరిగి తోకైనా దీనికన్నా పెద్దదుంటాది."

ఆ మాటకి ముందు ఆవిడే నవ్వింది. నాకు మాత్రం మొదలు తెగిన ఆ మొక్కను చూస్తే నవ్వు రాలేదు. మిగిలినవైనా పాతాలి. మబ్బులు అప్పుడప్పుడూ సముద్రం మీద కనబడుతున్నాయి.

టెక్కలి వెళ్ళే దారిలో ఒక కమ్మరి ఉన్నాడని విన్నాను. ఈసారి గంపలో చేపలు లేవు. జీడి వేరు ముక్క ఒకటి, మొగలి బోదె ముక్క ఒకటి వేసుకుని బస్సెక్కాను. కొలిమి దగ్గర ముసలాయన సుత్తి కొడుతున్నాడు, ఆయన భార్య గాలి చక్రం తిప్పుతోంది. గంప దించగానే ఆయన తొంగిచూశాడు.

"కత్తి కోసమొచ్చినోలు డబ్బులట్టుకొత్తారు. నువ్వు కట్టెలట్టుకొచ్చినావేటమ్మా?"

"డబ్బులూ ఉన్నాయి మావా. ముందు దీన్ని కొట్టి సూపించు. కంటితో సూసి కొనీసి ఒకపాలి బుద్ధొచ్చినాది."

"నాను కొట్టడమేటి? కొట్టుకునేది నువ్వు. నీ సెయ్యికి నప్పాల," అని మూడు కత్తులు నా ముందు పడేశాడు. మూడూ బొగ్గులా నల్లగా ఉన్నాయి. చేపలైతే మూడింటినీ పిల్లికి కూడా వేయను.

మొదటిది తేలిక. వేరు మీద కొడితే దిగింది గానీ, ఆ అదురంతా మణికట్టులోకి వచ్చింది. రెండోది కొసన బరువు. దెబ్బ గొప్పగా పడింది, కానీ నాలుగు దెబ్బలకే భుజం లాగింది. పొద్దంతా దానితో పని చేయాలంటే మా ఆయన గుజరాత్ నుంచి రావాలి. మూడోది వీపు మందంగా, కొస లోపలికి వంగి ఉంది. దెబ్బ వేస్తే వేరు రెండయింది. మా ఇసుకలో నిటారు కొస ఊరికే నేలను తాకి మొండిబారుతుంది, ఈ వంపు కొస పొదను లాక్కుంటుంది, ఇసుకను ముట్టదు. అంచు మీద వేలు ఆనించి చూశాను. చిన్న గంటు కూడా పడలేదు.

"లారీ కమాను పట్టీయమ్మా అది," అన్నాడు. "రోడ్డు మీద గోతులన్నీ తిన్నాది. నీ జీడి మోడు దానికో లెక్కా?"

పరీక్షకు తొడిగిన పిడి ఊడదీసి తోక చూపించమన్నాను. జానెడు పైనే ఉంది. పిడి దాటి అవతలకి వచ్చి మడత పడాలన్నాను. ఆయన తన భార్య వైపు చూసి, "సూసినావా, అప్పుడే మేస్త్రీ అయిపోనాది," అన్నాడు.

అంతా అయ్యాక పాత అలవాటు ఊరుకోలేదు. "మావా, కూసింత తోమి ఇవ్వరాదా, మెరుత్తాది?" అన్నాను.

గాలి చక్రం ఆగింది. "పెల్లికి తీసుకెల్తావేటమ్మా దాన్ని?" అంది ఆయన భార్య. ముగ్గురం నవ్వుకున్నాం. నల్లగానే తెచ్చుకున్నాను.

పిడి మాత్రం ఇంటి దగ్గరే వేసుకుంటానని ఒట్టి కత్తి తెచ్చాను. మా వసారా వెనక విరిగిన పడవ తెడ్డు ఒకటి ఎప్పటి నుంచో పడి ఉంది. మా మామగారిది. మా వాళ్ళు తెడ్డును పొయ్యిలో పెట్టరు, విరిగినా సరే. ఏళ్ళ తరబడి చేతులు రాసి రాసి నున్నగా, ఉప్పు తిని రాయిలా ఉంది ఆ కర్ర. దాని మీదే నా కన్ను. అడగడానికి భయం. అటూ ఇటూ తిరుగుతుంటే అత్తే అడిగింది.

"ఏటే, ఆ తెడ్డు సుట్టూ పిల్లిలాగ తిరుగుతున్నావు?"

చెప్పాను. ఆవిడ లేచి వెళ్ళి, తెడ్డు మీద దుమ్ము కొంగుతో తుడిచి తెచ్చింది.

"పొయ్యిలో ఎట్టకూడదన్నారు గానీ, సేత్తో అట్టుకోకూడదని ఎవులన్నారు?"

తోకను పొయ్యిలో ఎర్రగా కాల్చి తెడ్డు ముక్కలోకి దింపాం. పొగ లేచింది. అవతలకి వచ్చిన కొసను రాయితో కొట్టి మడిచాం. ఆ పొగలో సముద్రం వాసన వచ్చిందని అత్త అంది. నాకు దగ్గు వచ్చింది.

ఆ కత్తితో మొగలి పొద పోయింది, జీడి మోళ్ళు పోయాయి. అంచు మొండిబారినప్పుడల్లా రాతి మీద అత్తే నూరేది. "నూరడం నా పని, కొట్టడం నీ పని, తిండం ఇద్దరి పని," అనేది. మధ్యాహ్నం వేళకి నా చేతులు లేవకపోతే, తన మొక్కల్ని వదిలి వచ్చి కొమ్మలు లాగేది. తొలి వాన పడిన రోజు మొక్కలన్నీ తోటలో ఉన్నాయి. వేరు ఒక్కటీ తెగలేదు. కొన్నాళ్ళకి మా ఆయన వచ్చి, తోట చూసి, కత్తి ఎత్తి చూసి, "ఇంత నల్లగున్నాదేటే?" అన్నాడు. అత్తా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పలాస కత్తిని పారేయలేదు. పిడి ఊడిన చోట గుడ్డ చుట్టి చేపల పొలుసు తీయడానికి వాడుతున్నాను. ఆ పనికి దాన్ని మించింది లేదు. తర్వాత ఊళ్ళో రాత్రి బడి పెట్టినప్పుడు నేను అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకోగానే ఆ కత్తి తెచ్చి దాని మీద ఏం రాసుందో చూశాను. ఇంగ్లీషు!

ఆ చెట్లు కాపుకొచ్చిన ఏడాది తొలి గెల దింపారు. ఒక బొండాం కొట్టి అత్తకిచ్చాను. ఆవిడ తాగి, మూతి తుడుచుకుని, నా చేతిలోని కత్తి పిడిని కాసేపు పట్టుకు చూసింది.

"తియ్యగున్నాయే," అంది. "మీ మావకీ ఒకటి కొట్టు."

నేను కొట్టాను. ఆవిడ ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పోసింది.