గోతాం మీద కాలు

కింది వాటాలో ఇంటివాళ్ళు వాకిట్లో పట్టా పరిచి మిరపకాయలు ఎండబోశారు. ఆ ఘాటు మెట్లెక్కి నా గదిలోకి వచ్చేసరికి దగ్గు ఆగలేదు. చీలమండ బెణికి ఇది నాలుగో రోజు. గుంటూరులో ఈ పై గదిలో ఒక్కదాన్నే ఉంటాను. కుర్చీలు రెండే. ఎవరైనా వస్తే కూర్చుంటారని కొన్న రెండో కుర్చీలో ఇప్పుడు నా వాచిన కాలు కూర్చుంది. వాపు తగ్గుతోంది కాబట్టి ఇక కొంచెం కొంచెం నడవమన్నారు డాక్టరుగారు. ఆ మాట నాకు పదహారేళ్ళప్పుడే సలోమి అత్త చెప్పింది.

అత్త అంటే చుట్టం కాదు. అద్దంకి దగ్గర మా ఊళ్ళో మిరప కోతల ముఠాకు మేస్త్రి. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆమె పిలిస్తే రెండు చేల అవతలికి వినపడేది. ఒకరోజు గట్టు దిగుతూ నేను కాలు మడతపడి కూలబడ్డాను. మా అమ్మ కంగారులో, కాయలు కోసిన చేతులతోనే నూనె రాసింది. నేను పెట్టిన కేకలకు సలోమి అత్త పరిగెత్తుకొచ్చింది. “బెణుకు నొప్పి చాల్లేదని మంట కూడా పెట్టావటే తల్లీ!” అని అమ్మను తిట్టి, మజ్జిగతో నా కాలు కడిగింది. రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు అని చెప్పి, తడిగుడ్డ వేసి కాలు దిండు మీదికెక్కించింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు పొద్దున అందరూ పనులకు వెళ్ళాక ఊళ్ళో మనిషి అలికిడి లేదు. కాలి నొప్పి కంటే ఆ నిశ్శబ్దానికే ఏడుపొచ్చింది. అప్పుడు సలోమి అత్త నాకోసం ఊతకర్ర పట్టుకుని వచ్చింది.

“దెబ్బ కాలికి తగిలితే మూతి వాచిందేమే? లే.”

మెల్లగా మిరపకాయలు ఆరబోసిన కల్లానికి నడిపించుకెళ్ళింది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. “జరగండే, పిల్లకి చోటివ్వండి. సెలవు కాలికే, చేతులక్కాదు” అంది. ఖాళీ గోతాం మడిచి నా కాలి కింద పెట్టింది. మధ్యమధ్యలో కేకేసేది: “పాదం గుండ్రంగా తిప్పు. నొప్పెడితే ఆపు, బద్ధకమైతే తిప్పు!” సాయంత్రం కాయల రాశి దాకా వెళ్ళి రమ్మనేది. ఆ వరసలో వాళ్ళ కబుర్లు వింటూ, నవ్వుతూ, కాలి సంగతి చాలాసార్లు మరిచిపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత, నేనిక్కడ టీచరుగా ఉండగా, ఆమె ఫోన్ చేసింది. “పాపా, చీలమండ వాచిందే. కల్లానికి పోనా, వద్దా?” నా ముందు దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది. “అడుగు కింద పెట్టకు. మంచం దిగొద్దు” అని ఫోన్ పెట్టేశాను. డాక్టరుకు చూపించుకోమని కూడా అనలేదు. ఆ తర్వాత ఎలా ఉందని అడగనూ లేదు.

మూడు నెలలకు ఊరెళ్ళాను. ఆమె మంచంలోనే ఉంది. వాపు ఎప్పుడో పోయింది, పిక్కలు పుల్లల్లా అయిపోయాయి.

“ఏంటత్తా ఇది?”

“నువ్వేగా దిగొద్దన్నావు. ముఠావాళ్ళు రోజూ రమ్మన్నారు. చదువుకున్న మా పాప చెప్పిందని నేనే పోలా.”

ఆ గొంతులో నింద లేదు. ఉంటే బాగుండేది. ఆ కాళ్ళతో ఆమె మళ్ళీ కల్లానికి నడవలేదు. మరుసటి ఏడాది పోయింది.

ఇవాళ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. వాకిట్లో ఇంటావిడ, మరో ముగ్గురు తొడిమలు తీస్తున్నారు. “అయ్యో టీచరుగారూ, రెస్టు తీసుకోకపోయారా అండీ?” అంది ఇంటావిడ.

“జరగండమ్మా, నాకూ కాస్త చోటివ్వండి” అన్నాను. నా తరఫున అడిగే మనిషి ఇప్పుడు లేదు. ఖాళీ గోతాం మడిచి కాలి కింద పెట్టుకుని, ఒక కాయ అందుకున్నాను. పాదం మెల్లగా గుండ్రంగా తిప్పుతుంటే, కొంచెం కొంచెం నడవమనే ఈపాటి మాట ఆమెకు ఎవరూ చెప్పలేదే అనిపించింది. నేను చెబుతాననే ఆమె నాకు ఫోన్ చేసింది.