మేకపిల్ల ఒప్పుకుందన్నారు

తమ్ముడికి విషజ్వరం వచ్చినప్పుడు మా నాయన మారెమ్మకు మొక్కుకున్నాడు: వాడి ప్రాణం నిలబెడితే బదులుగా మేకపిల్లనిస్తానని. ఇంట్లో ఉన్నది ఒక్కటే మేకపిల్ల. తల్లి చచ్చిపోతే గుడ్డ తడిపి పాలు పట్టి నేను పెంచుకున్నది.

తమ్ముడు లేచి తిరిగాడు. మేకపిల్లకు పసుపు రాసి గుడి ముందు నిలబెట్టారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. మేక నెత్తిన నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారికీ సమ్మతమే, దానికీ సమ్మతమే. నాది విదిలించలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. ఇంకో చెంబు కుమ్మరించారు. చన్నీళ్లు చెవిలోకి పోతే ఏ జీవం విదిలించదు? "ఒప్పుకునింది!" అని అందరూ కేకేశారు. నాయన పంచె పట్టుకుని ఏడిస్తే, "చిన్నదానివి, పెద్దయితే తెలుస్తాదిలేమ్మా" అన్నాడు.

ఆ కూర నేను ముట్టలేదు. మారెమ్మకు దండం పెట్టడం మానేశాను.

చింతామణి ఊరి బడిలో మాకు చదువు చెప్పే క్రైస్తవుల టీచరమ్మ నా ఏడుపు విని దగ్గరికి తీసుకుంది. "మా దేవుడు రక్తం అడగడు అమ్మణ్ణీ. ఆయనకు ప్రేమొక్కటే చాలు" అంది. అబ్బా, ఎంత చల్లటి మాట! ఇంట్లో తన్నులు తిన్నాను, అవ్వ చేత శాపనార్థాలు పడ్డాను, ఆమె నేర్పిన ప్రార్థన మాత్రం విడవలేదు.

గుడ్ ఫ్రైడే నాడు మమ్మల్ని బొగ్గుతో నడిచే బస్సెక్కించి చిక్కబళ్ళాపురం చర్చికి తీసుకెళ్లింది. అక్కడి అయ్యగారు చెప్పాడు: రక్తం చిందనిదే పాపానికి క్షమాపణ లేదట, అందుకని మన శిక్షంతా దేవుడు తన కొడుకు మీద వేశాడట. అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఓహో, ఇక్కడా బదులేనా!

బయటికి రాగానే టీచరమ్మను అడిగేశాను. "రక్తం అడగడంటిరి కదమ్మా?"

"అది వేరు అమ్మణ్ణీ. ఆ కొడుకు ఒప్పుకొనే వచ్చినాడు."

"ఈ చావు తప్పించు నాయనా అని సిలువకు ముందు రాత్రి తోటలో ఏడ్చినాడని మీరే చెప్తిరి కదా?"

"కడకు ఒప్పుకున్నాడు కదా."

"మా మేకపిల్ల కూడా ఒప్పుకునిందనే అన్నారమ్మా."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "చిన్నదానివి. పెద్దయితే తెలుస్తాది."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. మా నాయన నయం, కత్తి దాచలేదు. ఈమె ప్రేమ అని పిలిచి, నా చేత తన దేవుడికి మొక్కించి, తీరా కత్తి దగ్గరికే తెచ్చి నిలబెట్టింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డాను. ఇంటికొచ్చాక ఎవరికి దండం పెట్టాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పెద్దదాన్నయ్యాను. నా మనవరాళ్లూ పెద్దవాళ్లయ్యారు. నాకింకా తెలియలేదు.