బోణీ బేరంలో వచ్చిన టైర్లు

మట్టెవాడలో మా నాయనకు బట్టల దుకాణం ఉండేది. నేను నడక నేర్చింది తానుల మధ్య, మాట నేర్చింది బేరాల మధ్య. కావలసిన వస్తువు వైపు చూడకూడదని, పక్కదాని ధర అడగాలని, అవతలివాడు తన ధర చెప్పగానే గుమ్మం వైపు తిరగాలని నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. గల్లా పక్కన కూర్చుంటే దానంతటదే వచ్చింది. పెద్దయ్యాక ఆ విద్యను అక్కరకొచ్చిన చోటా రాని చోటా వాడాను. కొత్తిమీర అమ్మే అవ్వ దగ్గర కూడా నాలుగడుగులు వేసి వెనక్కి చూసేవాణ్ణి. ఆమె పిలిచేది కాదు. నేనే మళ్లీ వెళ్లేవాణ్ణి.

ఎనభైల మొదట్లో నా దగ్గరున్న మోటారు సైకిలు కూడా అలాంటి బేరంలో దొరికిందే. అప్పటికే ఇద్దరి చేతులు మారింది. వెనక బ్రేకు రెండుసార్లు తొక్కితే గాని పట్టేది కాదు. ముందు బ్రేకు నొక్కితే నా చేతికి కసరత్తు అయ్యేది తప్ప చక్రానికి సంగతి తెలిసేది కాదు. టైర్లకు ఎవరో ఒకసారి పై రబ్బరు వేయించారు. అదీ అరిగి అరచేయంత నున్నగా అయింది. ఇంకో ఏడాది నడుస్తుందిలే అని ఏడాదికోసారి అనుకునేవాణ్ణి.

ఆ బండి మీదే రోజూ నా భార్యను బడికి తీసుకెళ్లేవాణ్ణి. ఆమెది పరకాల, వాళ్ల నాయనది ఎరువుల దుకాణం. పరకాల రోడ్డు మీది ఒక ఊళ్లో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చి రెండేళ్లు కాలేదు. తెల్లవారుజాము బస్సు ఆ ఊళ్లో ఆగదు. తర్వాతి బస్సు చేరేసరికి గంట కొట్టి అరగంట దాటుతుంది. నా బండి మొరాయించిన రోజుల్లో ఆ బస్సెక్కి పోయినందుకు హాజరు పట్టీలో రెండు ఎర్ర గీతలు పడ్డాయి. మూడోది పడితే పైకి రాస్తానని హెడ్‌మాస్టరు చెప్పేశాడు.

ఒక శుక్రవారం పొద్దున తొలకరి పడింది. ఊరు ఇంకా రెండు మైళ్లుందనగా మలుపులో బర్రెలు అడ్డమొచ్చాయి. బ్రేకు ఒకసారి తొక్కాను, రెండోసారి తొక్కాను. చక్రం ఆగింది గాని బండి ఆగలేదు, తడి రోడ్డు మీద పక్కకు జారుకుంటూ పోయింది. ఒక బర్రె మా వైపు చూసి, ఏమనుకుందో, రెండడుగులు పక్కకు జరిగింది. ఆ సందులోంచి దూరి రోడ్డు పక్క బురదలో నిలబడ్డాం.

నా భార్య దిగి చీర కుచ్చిళ్లు దులుపుకుంది.

"ఏం గాలె గదా, ఆగింది గదా," అన్నాను.

"బండి ఆపింది మీరు గాదు, గా బర్రె. అది జరిగింది గాబట్టి బతికినం."

"నెత్తి మీద వాన గదా, గందుకే..."

"వానకు ఏం దెల్సు మీ టైర్లు బోడియని? ఇనుర్రి, సోమవారం లోపల టైర్లు, బ్రేకులు మార్పియ్యుర్రి. లేకుంటే నేను బస్సుల పోత. గీత వడితే వడనియ్యి."

"నౌకరి పోతది గదనే!"

"నౌకరి పోతే ఇంకోటి దేవులాడుకుంట. నడుం ఇరిగితే మీ దుకాణంల గజాల లెక్కన అమ్ముతరా?"

బడి గంటకింకా చాలా టైముంది. మిగతా దూరం ఆమె నడిచే వెళ్లింది. నేను బండి తోసుకుంటూ వెనక నడిచాను.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున్నే స్టేషను రోడ్డులో ఒక టైర్ల దుకాణం ఎదురుగా, హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. ఎందుకంటే, బోణీ. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా వ్యాపారం సాగదని మా వాళ్ల నమ్మకం. కాబట్టి మొదటి గిరాకీగా పోయినవాడు కాస్త గట్టిగా లాగితే దుకాణదారు వదిలిపెట్టక తప్పదు. సేటు తలుపులు తీసి, నీళ్లు చల్లి, అగరొత్తులు ముట్టించేదాకా ఆగి రోడ్డు దాటాను.

"అన్నా, ట్యూబుకు ఏసే ప్యాచీలున్నయా?" టైర్ల వైపు చూడనే లేదు.

"పొద్దుగాల్నే ప్యాచీకి అచ్చినవా తమ్మీ?"

"ఆఁ. అవుగని, గా ముందల ఏలాడేటి రెండు టైర్లు ఎట్ల జెప్తానవు?"

ఆయన చెప్పాడు. నేను అందులో సగం అన్నాను.

"టైర్లు అడుగుతానవా, టైర్లల్ల గాలి అడుగుతానవా?"

నేను మెట్టు దిగాను. రెండో మెట్టు మీద ఉండగా వెనకనుంచి నేను ఎదురుచూస్తున్న పిలుపు వచ్చింది.

"ఆగు తమ్మీ! బోణీ యాళ, ఉత్తగ పోకు."

సేటు నిట్టూర్చి, కొక్కెం కర్రతో ఆ రెండు టైర్లు దించాడు. నోట్లు కళ్లకద్దుకుని, "ఎవరి పిలగానివి?" అన్నాడు. మా నాయన దుకాణం ఆనవాలు చెప్పాను.

"అట్లనా! గాయన కొడుకువా?" అని చిన్నగా నవ్వాడు. అది గౌరవమనుకున్నాను.

టైర్లు ఇంటి గచ్చు మీద పెట్టి ధర చెప్పి, మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. నా భార్య ధర సంగతే ఎత్తలేదు. ఒక టైరు మీద గోరు గుచ్చింది. దిగలేదు. మోకాలితో అదిమి రెండు చేతులా వంచింది. గాడుల అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు నోళ్లు తెరిచాయి.

"ఇవి యాడున్నయి దుకాణంల?"

"ముందల. ఏలాడగట్టిండు."

"ఎండ వడుతదా?"

"పొద్దంత."

"మా నాయిన దుకాణంల గట్టిపడ్డ యూరియా బస్తా యాడుంటది ఎరుకేనా? గడప పక్కన. బోణీకచ్చి కొట్లాడేటోనికి ఇయ్యనీకె." ఆమెకు నవ్వొచ్చింది. "మీ దుకాణంల ఉండదా గసొంటిది?"

ఉంది. గుమ్మంలో వేలాడి ఎండకు రంగు తేలిన చీరలు మా దుకాణంలోనూ ఎప్పుడూ రెండు మూడు ఉండేవి. పొద్దున్నే వచ్చి సగానికడిగే గిరాకీ కోసం. చిన్నప్పుడు ఆ చీరల మడత తిప్పి, వెలిసిన వైపు లోపలికి పెట్టే పని నాదే. ఎన్నోసార్లు నవ్వుకుంటూ చేశాను. అలాంటి నేను కర్ర చివర నుంచి ఆ టైర్లను అపురూపంగా అందుకున్నాను.

"ఆపస్ అనకుర్రి," అంది నా భార్య. "బోణీ సరుకు ఆపస్ తీసుకుంటే అరిష్టమంటరు. మార్చి ఇయ్యమనుర్రి, పైన ఎంతైతే గంత ఇస్తననుర్రి. గంతే. ఇంకేం మాట్లాడకుర్రి."

మధ్యాహ్నం దుకాణానికి పోయి ఆ మాటే అన్నాను. సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గీ పొద్దు కోసం ఎన్నేండ్ల సంది చూస్తాన్ననో తెల్సా తమ్మీ? మా ఇంటామెకు మీ నాయిన తాన బోణీకి చీర తెచ్చిన. నీ లెక్కనే కొట్లాడి, నీ లెక్కనే గెల్చి. ఇంటికి పోయి మడత ఇప్పితే ఒక దిక్కు ఎరుపు, ఒక దిక్కు గులాబి! నెల దినాలు నా అన్నంల ఉప్పు లేదు."

తల వంచుకున్నాను. ఆయన నవ్వు ఆపాడు.

"అవుగని, బండి మీద ఎన్క ఎవ్వలు కూసుంటరు?"

"నా భార్య. రోజు పరకాల రోడ్డు మీద బడికి తీస్కపోత."

"గా ముచ్చట పొద్దుగాల్నే చెప్పొద్దా?" అని, తనే మళ్లీ, "నేనన్నా అడుగొద్దా? చీరంటే కట్టుకుంటే ఏం గాదు. ఇది గట్ల గాదు," అన్నాడు.

లోపలి చీకటి గదిలోకి పోయి, కాగితం పట్టీ చుట్టిన రెండు టైర్లు తెచ్చాడు. ముందు చక్రానికి నిలువు గాడులది, తిప్పితే మాట వింటుందట. వెనక చక్రానికి గళ్లది, తడిలో పట్టు వదలదట. నా భార్య చేసినట్టే గోరు గుచ్చి చూశాను. మెత్తగా దిగింది. ఆయన అడిగింది ఇచ్చేశాను. జన్మలో మొదటిసారి. దుకాణం దిగాక నాకేదో జబ్బు చేసిందేమోనని అనుమానం వచ్చింది.

అక్కణ్ణుంచి హనుమకొండలో రేకుల షెడ్డు కింద పనిచేసే ముసలి మెకానిక్కు దగ్గరికి పోయాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఉస్తాద్ చక్రాలు విప్పి, బ్రేకు డ్రమ్ములోకి వేలు పెట్టి చూపించాడు. బ్రేకు బిళ్లల మీది పొర అరిగిపోయి, దాన్ని పట్టి ఉంచే రివిట్లే డ్రమ్మును గీరుతున్నాయి.

"గా పొర ఒక్కటి కొత్తది అతికిస్తే నడువదా ఉస్తాద్?"

"సగం బ్రేకు గావాల్నా సేటు? సగం పైసలియ్యి. ముందటి చక్రం ఆగుతది, ఎన్కది నీతోని అస్తది."

వెనక డ్రమ్ము లేతు మిషను మీద సాపు చేయించి కొత్త బిళ్లలు వేయాలన్నాడు. ముందుకు మాత్రం, అదే కంపెనీ తర్వాత తెచ్చిన బండి చక్రం ఒకటి తన దగ్గరుందని, దాని డ్రమ్ము పెద్దదని, నా బండికి సరిగ్గా కుదురుతుందని చెప్పాడు. ధర కూడా చెప్పాడు. నోట్లో నాలుక దానంతటదే కదిలింది. పళ్ల మధ్య పట్టుకుని, "కానియ్యి ఉస్తాద్," అన్నాను. ఆయన నా మొహంలోకి రెండుసార్లు చూశాడు.

ఆదివారం మధ్యాహ్నానికి బండి తయారైంది. "కొత్త బిళ్లలు, జర కూసోవాలె. ఫికర్ జెయ్యకు, పొద్దుమీకే దాంక ఊర్లనే తిప్పు," అన్నాడు. మట్టెవాడ సందులన్నీ తిరిగాను. మూల మూలకూ ఆగుతుంటే, బండి పాడైందా అని దారిన పోయేవాళ్లు పలకరించారు.

సోమవారం పొద్దున మళ్లీ తుంపర. నా భార్య ఎక్కే ముందు రెండు టైర్లనూ గోటితో నొక్కి చూసి, టిఫిను సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రెండో చెయ్యి నా భుజం మీద వేసింది. ఆ పట్టుకు ఎముక నొప్పి పుట్టింది.

అదే మలుపు. ఈసారి బర్రెలు లేవు. పొలంలోంచి ఒక ఎడ్లబండి ముందూ వెనకా చూడకుండా రోడ్డెక్కింది. నేను రెండు బ్రేకులూ కలిపి పట్టాను. బండి ముక్కు కాస్త వంచి, గీత గీసినట్టు తిన్నగా పోయి, ఎద్దుకు రెండు బారల దూరంలో ఆగింది. ఎద్దు మా వైపు చూడనైనా లేదు.

వెనకనుంచి మాట వచ్చింది.

"గీసారి మనమే ఆపినం."

భుజం మీది పట్టు వదులైంది. చెయ్యి తీసి టిఫిను సంచి మీద పెట్టుకుంది.

బడి దగ్గరికి వెళ్లేసరికి పిల్లలింకా ఆవరణ ఊడుస్తున్నారు. గంట కొట్టలేదు. హెడ్‌మాస్టరు వరండాలో నిలబడి చేతి గడియారం చూసుకుని, మమ్మల్ని చూసి, లోపలికి పోయాడు.

"మరి పొద్దుమీకి బస్సుకొస్తవా?" అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"బస్సెందుకు? నాలుగు గొట్టంగ రార్రి," అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "నిమ్మలంగ రార్రి," అంది.

తిరుగు దారిలో రోడ్డు ఖాళీగా ఉంది. అడ్డం బర్రె లేదు, బండి లేదు. అయినా నాలుగుసార్లు ఆపి చూసుకున్నాను. నాలుగుసార్లూ ఆగింది.