కరెంటు స్తంభం గుంతలో నేను

ఆసిఫాబాద్ దాటినంక అడవి అంచున మాకు నాలుగెకరాలున్నది. పోయినేడు మా అల్లుడు అక్కడ పట్నపోళ్ల కోసం గుడారాలు వేసిండు. కరెంటు లైన్ తెప్పిద్దామని నేనంటే, జనరేటర్ చాలన్నడు.

"దాని మోతల మనిషి మాట మనిషికి వినపడదు" అని కొట్లాడి, దరఖాస్తు పెట్టించి, స్తంభాలకు గుంతలు కూడా నేనే దగ్గరుండి తవ్వించిన. గుంతలు తయారుంటేనే స్తంభాలు జల్ది వస్తాయని నలభై ఏండ్ల కింద ఊర్లో మా బావి మోటారుకు కరెంటు తెచ్చుకున్నప్పుడే నేర్చుకున్న. ఆరు నెలలైనా ఒక్క స్తంభం రాలే. జనరేటరే వచ్చింది.

మొదటి అతిథులు దిగిన సాయంత్రం అది దడదడమంటుంటే కోపం ఆపుకోలేక బంద్ చేద్దామని ఉరికిన. గడ్డి కమ్మిన గుంతలో నిలువునా పడి ఛాతీ దాకా ఇరుక్కున్న. ఎంత మొత్తుకున్నా ఎవరికీ వినపడలే. తెల్లారేదాకా ఇందులోనేనా అనుకున్న. డీజిల్ అయిపోయి అది ఆగినంకనే నా కేకలు వినపడి అందరూ ఉరికొచ్చిన్రు.

"దూరంకెల్లి చూసి స్తంభం పాతిన్రనుకున్న మామా!" అన్నడు అల్లుడు, నన్ను పైకి గుంజుకుంట. అతిథులు పడీపడీ నవ్విన్రు.

ఆ మోతలో మనిషి మాట వినపడదని నేను ముందే చెప్పిన. గుంతలో దిగి మరీ రుజువు చేసిన. అయినా ఇప్పటికీ ఒక్కడూ ఒప్పుకోడు.